నెల తప్పిందని తెలియక నడుముకి కరెంటు పెట్టించుకున్నా.. బిడ్డకేమైనా అవుతుందా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. మధురవాడ వైపు స్కూల్లో టీచర్‌ని. రోజూ బస్సులో వెళ్లొచ్చేసరికి నడుము పట్టేస్తుంటే ఓ ఫిజియోథెరపీ సెంటర్లో ఐదు రోజులు కరెంటు పెట్టించుకున్నాను. ఆ తర్వాత వారానికే టెస్టు పాజిటివ్ వచ్చింది. ఇప్పుడు ఐదో నెల. అప్పటి కరెంటు బిడ్డకి తగిలి ఉంటుందేమోనని ఒకటే టెన్షన్. నొప్పి మళ్లీ మొదలైంది. మా అత్తగారి దగ్గర ప్యాడ్లు అంటించుకునే చిన్న మెషీన్ ఉంది. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. మనం అన్నింటినీ కలిపి ‘కరెంటు’ అనేస్తాం గానీ, ఫిజియోథెరపీ గదిలో ఉండే మెషీన్లన్నీ ఒకటి కావు. మీకు పెట్టింది ఏదో గుర్తు తెచ్చుకోండి. నడుముకి రెండో నాలుగో ప్యాడ్లు పెట్టి, చీమలు పాకినట్టు చురుకుచురుకుమంటే అది టెన్స్ గానీ ఐఎఫ్‌టీ గానీ అయ్యుంటుంది. రెండూ చర్మం మీంచి కొద్దిపాటి కరెంటు పంపి నొప్పి తగ్గించే మెషీన్లే. ఆ కరెంటు ఎక్కువగా ప్యాడ్ల మధ్య కండరాల్లోనే తిరుగుతుంది. తెలియక అలా పెట్టించుకున్నవాళ్ల పిల్లలకు దానివల్ల లోపాలొచ్చినట్టు రుజువు లేదు. గర్భిణుల మీద ఇలాంటి పరీక్షలు పెద్దగా చేయరు కాబట్టి ‘పూర్తిగా సురక్షితం’ అని ఏ డాక్టరూ రాసివ్వలేరు. అయినా జరిగిపోయిన ఐదు రోజుల గురించి మీరు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

జెల్ రాసి, చిన్న గుండ్రటి హెడ్డుతో రుద్దారా? అయితే అది అల్ట్రాసౌండ్. ‘స్కాన్ కూడా అల్ట్రాసౌండే కదా’ అని చాలామంది అడుగుతుంటారు. పేరు ఒకటే, పని వేరు. స్కానింగులో బొమ్మ కనిపించడానికి సరిపడా శక్తినే వాడతారు. ఫిజియోథెరపీలో వాడేది చాలావరకు లోపలి కండరాన్ని వేడి చేయడానికే. అందుకే గర్భిణులకు పొట్ట మీద, నడుము మీద అది పెట్టరు.

నేను కచ్చితంగా తెలుసుకోవాలనుకునేది షార్ట్‌వేవ్ డయాథెర్మీ గురించి. మీకు పెట్టింది అదైతే చురుకుమనదు. నడుము మీద తువ్వాలు పరిచి, ప్లేటో డ్రమ్మో దగ్గరగా పెడతారు. లోపల్నుంచి హాయిగా వెచ్చగా ఉంటుంది. గర్భిణులకు ఇది అసలు వద్దు. ఆ మెషీన్ నడిపే ఫిజియోథెరపిస్టు గర్భిణి అయితే ఆన్ చేసి తనే దూరంగా వెళ్లిపోతుంది! గర్భిణికి పెడితే భయం ఏమిటంటే, చివరి పీరియడ్ నుంచి లెక్కేస్తే దాదాపు ఆరో వారానికి బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకుంటుంది. ఆ సమయంలో ఒంట్లో వేడి 102 డిగ్రీల జ్వరమంత పెరిగితే ఆ మూసుకోవడంలో లోపం రావచ్చు. నడుముకి పది నిమిషాలు పెట్టినంత మాత్రాన ఒళ్లంతా అంత వేడెక్కకపోవచ్చు. కానీ గర్భసంచి ఉండేది ఆ నడుము ముందే కదా.

కాబట్టి ఆ సెంటర్‌కి ఫోన్ చేసి ఏ మెషీన్ పెట్టారో, ఎన్ని నిమిషాలో అడిగి రాసుకోండి. బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే టిఫా స్కాన్‌కి వెళ్లేటప్పుడు ఆ చీటీ చూపించండి. 18 నుంచి 22 వారాల మధ్య చేసే ఈ స్కాన్‌లో వెన్నెముకని పూసపూసా చూస్తారు. ఇప్పటికే అయిపోయి, రిపోర్టు బాగుందంటే మీ ప్రశ్నకి సగానికి పైగా జవాబు వచ్చేసినట్టే. నిజానికి మెషీన్ పెట్టేముందే పీరియడ్ ఎప్పుడొచ్చిందని వాళ్లు అడిగి ఉండాల్సింది.

ఇక అత్తగారి మెషీన్, అదీ టెన్స్ రకమే అయ్యుంటుంది: వద్దు. దాంతో వచ్చిన పుస్తకం తీసి చూడండి, గర్భిణుల గురించి హెచ్చరిక ఉండే ఉంటుంది. నడుముకే కాదు, చీలమండ లోపలి వైపు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కూడా ప్యాడ్లు పెట్టకూడదంటారు. పురిటి నొప్పులప్పుడు నడుముకి టెన్స్ పెట్టే పద్ధతి ఉంది గానీ, అది నెలలు నిండాక, ఆసుపత్రి వాళ్లకి చెప్పి చేసేది. పార్లర్లలో కొద్దిపాటి కరెంటుతో చేసే గాల్వానిక్ ఫేషియల్, పొట్ట తగ్గించే వైబ్రేషన్ బెల్టు కూడా కాన్పయ్యేదాకా పక్కన పెట్టండి.

మరి నొప్పికి? క్లాసులో పీరియడంతా నిలబడొద్దు, కుర్చీ వేయించుకోండి. ఎడమవైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. వేడినీళ్ల బ్యాగు గుడ్డలో చుట్టి నడుముకి మాత్రమే పదినిమిషాలు, గోరువెచ్చగా. నడక మంచిదే. బీచ్‌రోడ్డుకి వెళ్తే సిమెంటు బాట మీద నడవండి, ఇసుకలో వద్దు, నడుము మరీ లాగేస్తుంది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి మళ్లీ వెళ్లొచ్చు, వ్యాయామాలు నేర్చుకోవడానికి. పారాసిటమాల్ కూడా మీ డాక్టర్ని అడిగాకే. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మాత్రలు మెడికల్ షాపులో కొని వేసుకోకండి. 20 వారాలు దాటాక అవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించగలవు.

నొప్పి అలలు అలలుగా వచ్చిపోతూ పొట్ట గట్టిపడుతున్నా, రక్తం గానీ నీళ్లు గానీ పోతున్నా, జ్వరంతో మూత్రంలో మంట ఉన్నా, కాలు మొద్దుబారినా అది మామూలు నడుము నొప్పి కాదు. మీరు చూపించుకునే ఆసుపత్రి దూరమైతే కేజీహెచ్‌కో ఘోషాసుపత్రికో, అర్ధరాత్రయినా సరే, వెంటనే వెళ్లండి.