కంపైలర్ రాస్తున్న చిన్నీకి

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మనం రాసిన ప్రోగ్రామ్‌ని యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే కంపైలర్ మొదలుపెట్టి ఆరు నెలలైనా పూర్తి కాలేదని టెన్షన్ పడుతున్నావు. ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషని, దాని కంపైలర్‌ని తయారుచేసిన జట్టుకి నాయకుడు జాన్ బ్యాకస్ సంగతి చెప్తాను, విను.

ఆయనకి వర్జీనియాలో కాలేజీ చదువు సాగలేదు. మెడిసిన్‌లో చేరి మానేశాడు. చివరికి కొలంబియాలో లెక్కలు చదివి, 1950లో న్యూయార్క్‌లో కంప్యూటర్ల కంపెనీ ఐబీఎంలో చేరాడు. యంత్రం ఆదేశాలని నేరుగా, అంటే మెషీన్ కోడ్‌ని రాసే చాకిరీ నచ్చక, 1953 చివర్లో ఫోర్ట్రాన్ ఆలోచనని పైవాళ్ల ముందు పెట్టాడు. ఎప్పుడవుతుందని ఎవరడిగినా ఆ జట్టు చెప్పిన జవాబు ‘ఆరు నెలలు’. అది జనం చేతికి వచ్చింది 1957 ఏప్రిల్‌లో! కాబట్టి గడువు దాటిందని బాధపడకు.

నాకు బెంగ వేరే చోట ఉంది. నీ ఉత్తరంలో సగం నీ భాషలో సెమికోలన్ ఉండాలా వద్దా అనే చర్చే. బ్యాకస్ వాళ్లు భాషని పని చేస్తూ చేస్తూనే అల్లుకున్నారు, దాన్ని పెద్ద సమస్యగా చూడలేదు. వాళ్ల అసలు సమస్య కంపైలర్ ఇచ్చే కోడ్ వేగం. మనిషి చేత్తో రాసినంత మంచి కోడ్‌ని యంత్రం రాయగలదని అప్పటి ప్రోగ్రామర్లు నమ్మేవారు కాదు. చేత్తో రాసినదాని వేగంలో సగమే వస్తే ఫోర్ట్రాన్‌ని ఎవరూ ముట్టుకోరని బ్యాకస్ భయం. వాళ్లు వాడిన ఐబీఎం 704 కంప్యూటర్‌లో ఇండెక్స్ రిజిస్టర్లు, అంటే లూపుల్లో లెక్క ఉంచుకునే చిన్న చోట్లు, మూడే. మళ్లీ మళ్లీ నడిచే ఆ లూపుల్లో మూడింటిని పొదుపుగా వాడించడానికి ఆ జట్టు ఎంత శ్రమపడిందో! ఆఖరికి కంపైలర్ ఇచ్చిన కోడ్ చూసి, దాన్ని రాసిన వాళ్లే ఆశ్చర్యపోయిన సందర్భాలున్నాయి.

ఎమ్మెస్సీలో నేను ఫోర్ట్రాన్‌ని కార్డుల మీద పంచ్ చేశాను. ఆరో గడిలో పొరపాటున ఒక అక్షరం పడితే ఆ కార్డు పై వాక్యానికి కొనసాగింపు అయిపోయేది. తప్పు తెలిసేది మర్నాడు. అంత కష్టంలోనూ ఫార్ములాని ఫార్ములాలాగే రాసుకోగలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

నువ్వూ పది చిన్న ప్రోగ్రాములు తీసుకో. ముందు చేత్తో అసెంబ్లీలో, అంటే యంత్రం ఆదేశాలకి దగ్గరగా ఉండే భాషలో రాయి, తర్వాత నీ కంపైలర్ ఇచ్చిన కోడ్‌ని పక్కన పెట్టి చూడు. నీ భాష వ్యాకరణాన్ని మాత్రం కచ్చితంగా కాగితం మీద పెట్టు. 1959లో ఆల్గాల్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష వ్యాకరణాన్ని రాయడానికి బ్యాకస్ ఒక సంకేత పద్ధతి తయారుచేశాడు, నీ పాఠాల్లో వచ్చే బీఎన్ఎఫ్ అదే. మాటల్లో రాసిన నియమాన్ని తలా ఒక రకంగా అర్థం చేసుకుంటారమ్మా.

ముందు మ్యాట్రిక్స్ గుణకారం లూప్‌కి నీ కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీ నాకు పంపు. రిజిస్టర్లు ఎక్కడ వృథా అవుతున్నాయో ఆదివారం ఫోన్లో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న