ప్రొడక్షన్‌లో ఎంక్యూ ట్రేస్ ఆన్ చేయొచ్చా?

ఎంక్యూ అంటే అప్లికేషన్ల మధ్య మెసేజ్‌లు చేరవేసే ఐబీఎం సాఫ్ట్‌వేర్, ట్రేస్ అంటే అది లోపల చేసే పనులన్నీ వివరంగా రాసే ఫైల్. ఐబీఎం సపోర్టు వాళ్ళు ఎంక్యూ ట్రేస్ పంపమంటున్నారు, సర్వర్ స్లో అవుతుందని మా మేనేజర్ ఒప్పుకోవడం లేదు, ఏం చేయాలి అని ఒకరు అడిగారు. ఆన్ చేయండి. స్లో అవడం నిజమే, డిస్కు నిండడమూ నిజమే. కానీ నేను చూసినంతలో ట్రేస్ వల్ల జరిగిన నష్టం కన్నా, ట్రేస్ తీయకుండా రీస్టార్ట్ కొట్టి చేతులు దులుపుకోవడం వల్ల జరిగిన నష్టమే చాలా ఎక్కువ.

హైదరాబాద్‌లో కూర్చుని ఒక విదేశీ బ్యాంకు పేమెంట్ల సిస్టమ్ చూసేవాళ్ళం. రాత్రంతా లావాదేవీలు ఉండవు. పొద్దున అక్కడ పని మొదలై మొదటి మెసేజ్ పంపగానే 2009 ఎర్రర్, అంటే కనెక్షన్ తెగింది అని. అప్లికేషన్ రీస్టార్ట్ చేస్తే సర్దుకునేది, మర్నాడు మళ్ళీ అదే గొడవ. బ్రిడ్జ్ కాల్‌లో, అంటే టీమ్‌లన్నీ కలిసి మాట్లాడే కాన్ఫరెన్స్ కాల్‌లో, నెట్‌వర్క్ వాళ్ళు "మా వైపు అంతా క్లీన్" అంటారు, డెవలపర్లు "కోడ్ ముట్టుకోలేదు" అంటారు. ఇక మిగిలింది ఎంక్యూ చూసే మేమే. లాగ్ చూడకుండా ఆ మాట అనేవాళ్ళని కాల్‌లోనే నిలదీయాలని నా గట్టి అభిప్రాయం.

ముందు షిఫ్టు వాళ్ళు సర్వర్‌లో ఎస్‌టీఆర్‌ఎంక్యూటీఆర్‌సీ అనే ట్రేస్ కమాండ్ కొట్టి, వచ్చిన ఫైళ్ళన్నీ పంపేశారు. వాటితో ఏమీ తేలలేదు. ఆ అప్లికేషన్ జావా క్లయింటు, అంటే ఎంక్యూ సర్వర్‌కు నెట్‌వర్క్ మీదుగా కనెక్ట్ అయ్యే జావా ప్రోగ్రామ్, వేరే మెషీన్‌లో నడుస్తోంది. ఆ కమాండ్ జావా క్లయింటును పట్టుకోదు. దానికి జేఎంఎస్ (జావా మెసేజింగ్) కాన్ఫిగ్ ఫైల్‌లో ట్రేస్ స్టేటస్ విడిగా ఆన్ చేయాలి. మర్నాడు తెల్లవారుజామున రెండు వైపులా ఆన్ చేసి కూర్చున్నాం. రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిస్తే క్లయింటు వైపు మెసేజ్ పంపినట్టు ఉంది, ఆ వెంటనే ఎక్సెప్షన్ ఉంది. సర్వర్ వైపు అదే సెకనులో ఏమీ లేదు, ఒక్క బైటు కూడా చేరలేదు. పైగా ఛానెల్ (క్లయింటుకీ సర్వర్‌కీ మధ్య ఎంక్యూ దారి) స్టేటస్ చూస్తే ఇంకా రన్నింగ్ అనే ఉంది!

మధ్యలో ఉన్నది ఫైర్‌వాల్. చాలాసేపు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను ఎవరికీ చెప్పకుండా తెంపేస్తోంది. మరి హార్ట్‌బీట్ (కనెక్షన్ బతికే ఉందా అని ఎంక్యూ అప్పుడప్పుడు పంపే చిన్న సంకేతం) ఉంది కదా, డిఫాల్ట్ 300 సెకన్లు కదా అంటారేమో. ఆ ఛానెల్‌లో షేర్‌కన్వ్ (ఒకే కనెక్షన్‌ను ఎన్ని సంభాషణలు పంచుకోవచ్చో చెప్పే సెట్టింగ్) విలువ సున్నా పెట్టి ఉంది. సున్నా ఉంటే క్లయింటు గెట్ వెయిట్‌లో, అంటే మెసేజ్ కోసం ఎదురుచూస్తూ ఉన్నప్పుడే హార్ట్‌బీట్ వెళ్తుంది, ఊరికే ఉన్న కనెక్షన్ మీద వెళ్ళదు. షేర్‌కన్వ్ ఒకటి చేసి, హార్ట్‌బీట్ గడువు ఫైర్‌వాల్ టైమ్‌అవుట్ కన్నా తక్కువ ఉండేలా చూశాం, ఆ ఎర్రర్ మళ్ళీ కనబడలేదు. ఆ రెండు ఫైళ్ళు చూపించాకే నెట్‌వర్క్ వాళ్ళు తమ టైమ్‌అవుట్ ఎంతో చెప్పారు.

అసలు కోచింగ్‌లలో క్యూ క్రియేట్ చేయడం, ఛానెల్ స్టార్ట్ చేయడం నేర్పుతారు గానీ ఎర్రర్ లాగ్, ఎఫ్‌డీసీ ఫైల్ (లోపల తప్పు జరిగినప్పుడు ఎంక్యూ రాసే రిపోర్టు) చదవడం నేర్పరు. ఉద్యోగంలో రోజూ కావలసింది అదే కదా. పిల్లలు వేలకు వేలు కట్టి వస్తారు, మొదటి సివియారిటీ వన్ (అన్నిటికన్నా తీవ్రమైన సమస్య) కాల్‌లోనే బిక్కచచ్చిపోతారు. నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మీ మేనేజర్ గారికి ఇలా చెప్పండి. ట్రేస్ కమాండ్‌లో మైనస్ ఎల్ ఆప్షన్‌తో ఫైల్ సైజుకు హద్దు పెడతాం, అన్ని ప్రాసెస్‌లూ కాకుండా మైనస్ పీ ఇచ్చి ఛానెళ్ళను నడిపే ఏఎంక్యూఆర్‌ఎంపీపీఏ ఒక్కదాన్నే ట్రేస్ చేస్తాం, కస్టమర్ల వివరాలు బయటికి పోకుండా మైనస్ డీ సున్నా పెడతాం. సమస్య వచ్చే వేళకు కాస్త ముందు ఆన్ చేసి, ఎర్రర్ పడగానే ఆపేస్తాం. ఎర్రర్ అయిపోయాక తీసిన ట్రేస్ ఎందుకూ పనికిరాదు, ఇది మాత్రం నొక్కి చెప్పండి. రెండు మెషీన్ల గడియారాలూ సరిచూసుకోండి, ఎర్రర్ వచ్చిన టైమ్ సెకన్లతో సహా రాసి పంపండి. రన్‌ఎంక్యూరాస్ అనే కమాండ్ కొడితే లాగ్‌లూ ఎఫ్‌డీసీలూ కలిపి ఒకే జిప్ తయారవుతుంది. క్లయింటు వైపు ట్రేస్ దాంతో పాటు మీరే విడిగా జత చేయాలి. అప్‌లోడ్ అయ్యాక ట్రేస్ డైరెక్టరీ ఖాళీ చేయడం మర్చిపోకండి.