టెక్ సందేహాలు: పాత బేస్ గిటార్‌లో పోయిన చిన్న మరలు

ప్రశ్న: మా మామయ్య చర్చిలో వాయించిన ఐబనేజ్ బేస్ గిటార్ చాలా ఏళ్లు అటక మీద ఉండి ఇప్పుడు నా చేతికి వచ్చింది. మెడను బిగించిన రేకు మీద ‘ఇ 79’తో మొదలయ్యే నంబరుంది. తీగల చివరలను పట్టి ఉంచే బ్రిడ్జిలో లావు తీగ కింద ఉండాల్సిన రెండు మరల్లో ఒకటి లేదు. ఒక నాబ్ కూడా పోయింది. ప్రస్తుతానికి అగ్గిపుల్ల ముక్క పెట్టాను కానీ తీగ బర్రుమంటోంది. బ్రిడ్జి మొత్తం మార్చమని దుకాణంలో చెప్పారు. మార్చాలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మార్చకండి. ఐబనేజ్ ఆ రోజుల్లో వాడిన నంబర్లలో మొదటి అక్షరం నెల, తర్వాతి రెండంకెలు సంవత్సరం. ఇంగ్లిషు అక్షరమాలలో ‘ఇ’ ఐదోది కాబట్టి మీది 1979 మే నాటిది. కొత్త బ్రిడ్జి రంధ్రాలు పాతవాటితో కలవకపోతే చెక్కకు మళ్లీ బెజ్జాలు వేయాలి. కొన్ని రూపాయల మర కోసం మామయ్య గిటార్‌కు ఆ గాయం ఎందుకు?

తీగ ఆనే చిన్న లోహపు దిమ్మెను శాడిల్ అంటారు. దాని రెండు పక్కల మరలే తీగ ఎత్తును నిలబెడతాయి. ఒకటి లేకపోతే దిమ్మె ఒరిగి, తీగతో పాటు తానూ అదురుతుంది. మీరు వింటున్న బర్రు అదే. అగ్గిపుల్ల ఆ బరువుకు నలిగిపోతుంది.

ముందు తీగను వదులు చేసి, పక్క శాడిల్ నుంచి అలాంటి మరనే ఒకటి బయటికి తీయండి. తుప్పుతో పట్టేసి ఉంటే తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. తీసిన మరను స్టీలు స్కేలుకు ఆనించి ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి. అర సెంటీమీటరులో ఎన్ని మరచుట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. పది ఉంటే అది ఎం3, అంటే మూడు మిల్లీమీటర్ల మెట్రిక్ మర. సుమారు ఎనిమిది ఉంటే అంగుళాల లెక్కలోని 4-40. ఆరుకు కాస్త పైన ఉంటే 6-32. మీ ఐబనేజ్ లాంటి జపాన్ గిటార్లలో ఎక్కువగా కనిపించేది ఎం3.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎం3 మందం 3 మిల్లీమీటర్లు, 4-40ది 2.84. కంటికి రెండూ ఒకటే. తప్పుడు మర కూడా ఒకటి రెండు చుట్లు తిరిగి, ఆ తర్వాతే బిగుసుకుంటుంది. అప్పుడు అలెన్ కీతో (మర తలలోని ఆరు పలకల గుంతలో పెట్టి తిప్పే పనిముట్టు) బలంగా తిప్పితే శాడిల్ లోపలి చుట్లు అరిగిపోతాయి. పోయిన మర దొరుకుతుంది కానీ 1979 నాటి శాడిల్ దొరకడం కష్టం. అందుకే కొత్త మరను మొదట వేళ్లతోనే తిప్పండి. నాలుగైదు చుట్లు సాఫీగా దిగితేనే పనిముట్టు పట్టుకోండి.

ఎం3 అని తేలితే సంగీత వాయిద్యాల దుకాణం చుట్టూ తిరగనక్కర్లేదు. హార్డ్‌వేర్ దుకాణంలో ‘ఎం3 గ్రబ్ స్క్రూ (తల లేని మర), స్టెయిన్‌లెస్ స్టీలు’ అని అడగండి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల దొరుకుతాయి. త్రీడీ ప్రింటర్ విడిభాగాలు అమ్మేవారి దగ్గరా ఉంటాయి. పొడవు పాతదానితో సమానంగా ఉండాలి. పొడవైతే శాడిల్ పైకి పొడుచుకు వచ్చి అరచేతికి గీసుకుంటుంది. దీనికి 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీ సరిపోతుంది.

నాబ్ కొనేముందు అది కూర్చునే కాడను చూడండి. మధ్యలో చీలి, చుట్టూ పళ్లుంటే వాటిని లెక్కపెట్టండి. 18 ఉంటే మెట్రిక్ రకం, 24 ఉంటే అమెరికా రకం. ఒకదాని నాబ్‌ను ఇంకోదాని మీదికి నొక్కితే పగులుతుంది. కాడ గుండ్రంగా, నున్నగా ఉంటే పక్క నుంచి మరతో బిగించే నాబ్ కావాలి. అందులోనూ 6, 6.35 మిల్లీమీటర్లని రెండు కొలతలున్నాయి. పెద్ద నాబ్‌ను సన్న కాడకు బిగిస్తే మధ్యకు కుదరక వంకరగా తిరుగుతుంది. మిగిలిన నాబ్‌లను స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి, పెయింటు లేస్తుంది. కింద గుడ్డ చుట్టి పైకి లాగండి.

ప్రశ్న: డాలస్‌లో పాత అమెరికన్ బేస్ కొన్నాను. లోపల వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండి శబ్దాన్ని పెంచి తగ్గించే భాగం) వెనుక 1377623 అని ఉంది. అదేమిటి?

జవాబు: 137 అంటే పాట్‌ను తయారు చేసిన సీటీఎస్ సంస్థ. 76 సంవత్సరం, 23 వారం. అంటే పాట్ 1976 జూన్ మొదట్లో తయారైంది. ఎవరూ దాన్ని మార్చి ఉండకపోతే గిటార్ అంతకంటే ముందుది కాదు. మరలు, నాబ్‌లు కొనేటప్పుడు అంగుళాల కొలతలతో మొదలుపెట్టండి.

ప్రశ్న: బెల్టు తగిలించే బటన్ మర చెక్కలో నిలవడం లేదు.

జవాబు: లావు మర ఎక్కించకండి. రంధ్రంలోకి ఫెవికాల్ రాసిన వెదురు టూత్‌పిక్‌లు పట్టినన్ని దూర్చి, ఒక రోజు ఆరనిచ్చి, పైకి వచ్చినవి కోసేయండి. సన్న డ్రిల్లుతో దారి చేసి పాత మరనే బిగించండి.