త్రీ నాట్ త్రీ టేబుల్ దగ్గర: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి తుపాకుల షో జరుగుతుంది. ఒకే కప్పు కింద 11 ఎకరాలు, 4,000కు పైగా టేబుళ్లు. అందులో ఒక టేబుల్ మీద మన ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిళ్లు పెడుతున్నానని పోయిన సంచికలో రాశాను. మా నాన్న కర్నూలులో ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్. ఆయన ఉద్యోగమంతా మోసింది ఆ .303 కొలత రైఫిల్‌నే, అందరూ త్రీ నాట్ త్రీ అనేది. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

హెచ్-1బి మీద ఉన్నాను. స్నేహితులతో కలిసి షోకి రావచ్చా? ఏమైనా కొనుక్కోవచ్చా?
*— ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సాస్*

తప్పకుండా రండి. టికెట్ కొనుక్కుని చూసి వెళ్లడానికి వీసాతో పనిలేదు. కొనడం మాత్రం వేరే సంగతి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉన్నా, తూటా ఉన్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కానీ స్నేహితుల మాట మీదో నా మాట మీదో ఆ దారిలో అడుగు పెట్టకండి, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న మనిషికి ఒక్క మధ్యాహ్నపు సరదా కోసం అంత టెన్షన్ అక్కర్లేదు. టేబుల్ వెనకున్న పెద్దాయన ప్రేమగా రైఫిల్ చేతికివ్వబోతాడు. "చూస్తాను, చాలండి" అనండి. ఎవరూ తప్పుపట్టరు.

మీకు తెరిచి ఉన్న తలుపు ఒకటుంది. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవాటిని ఫెడరల్ చట్టం యాంటిక్‌గా చూస్తుంది, తుపాకీ లెక్కలోకి తీసుకోదు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి కాబట్టి అవి కూడా చూసుకోండి. బ్రిటిష్ సైన్యం 1871లో తీసుకున్న మార్టిని-హెన్రీ రైఫిళ్లు ఇలాంటి షోల్లో కనిపిస్తూ ఉంటాయి. అయితే ఖైబర్ కనుమ ప్రాంతపు కమ్మరులు వాటికి చేసిన నకళ్లు కూడా వాటితో పాటే ఉంటాయి. ముద్రల్లో 'ఎన్' అక్షరం తిరగబడి ఉందేమో చూడండి. విక్టోరియా రాణి 1901లో చనిపోయింది. ఆమె పేరిట ఉండే 'వి.ఆర్.' ముద్ర కింద అంతకు తర్వాతి సంవత్సరం ఉంటే అది నకలే. నకలని తెలిసి ఇష్టపడి కొంటే తప్పులేదు. అసలు ధర పెట్టి మాత్రం కొనకండి.

మీ స్నేహితుల్లో పౌరసత్వం ఉన్న టెక్సాస్‌వాళ్లు ఉంటే ఇది చెప్పండి. ఓక్లహోమాలో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర 4473 అనే కొనుగోలు ఫారం నింపి, నేర చరిత్ర చెకింగ్ అయ్యాక రైఫిల్ తెచ్చుకోవచ్చు. పిస్టల్ అయితే చేతికివ్వరు, టెక్సాస్‌లోని డీలర్‌కు పంపిస్తే అక్కడ తీసుకోవాలి. పక్క రాష్ట్రపు ప్రైవేటు వ్యక్తి దగ్గర డబ్బిచ్చి నేరుగా కొనడం కుదరదు.

మా ఇంట్లో తాతగారి నాటి మందు తుపాకీ ఉంది. అది నూరేళ్ల పైమాటే. మా అబ్బాయి అమెరికా పట్టుకెళ్లి మీ షోలో పెడతానంటున్నాడు.
*— ఒక పాఠకురాలు, బొబ్బిలి*

వద్దమ్మా. నూరేళ్లు దాటిన వస్తువును దేశం బయటికి పంపడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రైవేటు వ్యక్తులను అనుమతించదు. ఆయుధాల చట్టం కూడా అడ్డొస్తుంది. సామాన్లలో పెట్టి పంపితే ఎయిర్‌పోర్టులోనే మీ అబ్బాయి ఇబ్బందుల్లో పడతాడు. అంతకంటే ముందు, దానికి ఇప్పుడు లైసెన్స్ కావాలో అక్కర్లేదో తెలిసిన లాయర్‌కు చూపించి కాగితాలు సరిచూసుకోండి. అది మీ ఊళ్లోనే ఉండాల్సిన వస్తువు. తాతగారికి అది ఎలా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. ఆ కాగితం లేకపోతే రేపు అది ఉత్త ఇనుప గొట్టం.

బడుల్లో పిల్లలు తుపాకులకు బలవుతున్న దేశంలో వాటిని గుడ్డ పరిచి అలంకరించి పెట్టడానికి మీకు మనసెలా ఒప్పింది?
*— ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 2023 మేలో మీ పక్కనే ఆలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో మన తెలుగమ్మాయి కూడా ఉంది. ఏడాది ముందు యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. మీ బాధకు నా దగ్గర సమాధానం లేదు, దానితో వాదించను కూడా.

నా వరకు నేను పాటించేది చెబుతాను. నా టేబుల్ మీద ఏదీ అమ్మకానికి ఉండదు. తూటాలు ఉండవు, ఖాళీ తొడుగులు కూడా ఉండవు. ప్రైవేటుగా అమ్మినా సరే, ప్రతి అమ్మకానికీ చెకింగ్ ఉండాలన్నది నా అభిప్రాయం. అది షోలో అడిగినవాళ్లందరికీ చెబుతాను. దానివల్ల కొందరు నాతో మాట్లాడడం మానేశారు. షో పేరుతో కొత్త తుపాకులు కుప్పలుగా అమ్మే వరసలు నాకూ నచ్చవు, అటు వెళ్లను. కానీ మా నాన్న లాంటి లక్షల మంది కానిస్టేబుళ్లు ముప్పై ఏళ్లు భుజాన మోసిన వస్తువు మన చరిత్రలో ఒక ముక్క. దాన్ని దాచేస్తే ఆ మనుషులనే దాచేసినట్టు అవుతుందని నా నమ్మకం. మీరు ఒప్పుకోకపోయినా గౌరవిస్తాను.

నా దగ్గర మూడు ఇషాపూర్ రైఫిళ్లున్నాయి, మూడోది 7.62 కొలత 2ఎ1. వచ్చే ఏడాది టేబుల్ తీసుకుని ప్రదర్శించాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
*— ఒక పాఠకుడు, ఎడ్మండ్, ఓక్లహోమా*

ముందు వాటిని తోమకండి. నా మొదటి రైఫిల్ కొయ్యను గరుకు కాగితంతో రుద్ది మెరిపించాను. దానితో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల ముద్రలు సగం పోయాయి, అవి ఇక రావు. పాత గ్రీజు మెత్తటి గుడ్డతో తీయండి, కొయ్యకు కొద్దిగా అవిసె నూనె పట్టించండి. అంతే.

తర్వాత నంబర్లు చూడండి. రిసీవర్ (తుపాకీ మధ్య భాగం), బోల్ట్ (తూటాను లోపలికి నెట్టే కడ్డీ) పిడి, బ్యారెల్ (గొట్టం), ముందున్న నోస్ క్యాప్ (మూతి తొడుగు) మీద ఒకే నంబర్ ఉంటే అదృష్టం. "అన్నీ మ్యాచింగ్" అని నాకు అమ్మినదానికి బోల్ట్ వేరే రైఫిల్‌ది. టార్చి వేసి చదవకుండా నమ్మాను. అది ఇప్పటికీ టేబుల్ మీద పెడతాను, కార్డు మీద మాత్రం 'బోల్ట్ వేరే' అని రాస్తాను. మీరూ అలాగే రాయండి. కలెక్టర్లు లోపాన్ని క్షమిస్తారు, దాచడాన్ని క్షమించరు.

మూడింటినీ వయసు వరసలో పెట్టండి. కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉన్న ఆ ఇషాపూర్ ఫ్యాక్టరీలో 1907 నుంచి రైఫిళ్లు తయారయ్యాయి. పాతవాటి మీద కిరీటం, రాజు పేరిట 'జి.ఆర్.ఐ.' ఉంటాయి. స్వాతంత్ర్యం వచ్చాక కిరీటం పోయి అశోకుడి సింహాలు, 'ఆర్.ఎఫ్.ఐ.' (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) వచ్చాయి. అవే యంత్రాలు, అదే నమూనా, ముద్ర ఒక్కటే మారింది. రెండు రైఫిళ్లను పక్కపక్కన పెట్టి ఆ చోటికి చిన్న లైటు వేయండి. అమెరికన్ పిల్లలు సింహాలను వేలితో చూపించి అడుగుతారు, అక్కడి నుంచి కథ మీరు చెప్పొచ్చు. మూడోది 7.62 కొలత 2ఎ1 అన్నారు కదా. 1962 చైనా యుద్ధం తర్వాతి రోజుల్లో వచ్చింది అది. దాని మ్యాగజీన్ (తూటాల పెట్టె) అడుగు నలుచదరంగా ఉంటుంది. దానికి ముందు వచ్చిన 2ఎ రకంలో గురి చూసే సైటు మీద 2,000 వరకు గీతలుండేవి, 2ఎ1 మీద 800 మీటర్ల వరకే. ఆ మార్పు కార్డు మీద ఒక్క వాక్యంలో రాయండి. మీ దగ్గర .410 మస్కెట్ గానీ ముందు కొయ్యకు తీగ చుట్టినది గానీ చేరితే వదలకండి. మొదటిది పోలీసులకు, జైలు కాపలావాళ్లకు మార్చి ఇచ్చినది. మ్యాగజీన్ చోటును చెక్కతో మూసేసి ఉంటుంది, ఒక్కో తూటా పెట్టి కాల్చాల్సిందే. రెండోది గ్రెనేడ్ విసరడానికి బలపరిచినది. చూసేవాళ్లు దాన్ని విరిగిపోతే కట్టు కట్టారనుకుంటారు.

వెనకున్న ఇత్తడి బట్ ప్లేట్ మూత తెరిచి ఉంచండి. లోపల నూనె బుడ్డి, గొట్టం శుభ్రం చేసే పుల్‌త్రూ తాడు ఉండాలి. నా టేబుల్ దగ్గర అందరూ ఎక్కువసేపు ఆగేది అక్కడే. మా నాన్న డ్యూటీ దిగాక ఆ తాడుకు ఫ్లానెల్ ముక్క కట్టి, ఒక కొస నన్ను పట్టుకోమని రెండో కొస లాగేవారు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మాకు అన్నం ఉండేది కాదు.

మిగతావి త్వరగా చెబుతాను. గేటు దగ్గర ప్రతి తుపాకీ ఖాళీ అని చూపించాలి, బోల్ట్ తెరిచి ప్లాస్టిక్ టై వేయాలి. ట్రిగర్ గార్డుల గుండా ఒకే స్టీల్ కేబుల్ వేసి తాళం పెట్టండి. ముదురు ఆకుపచ్చ గుడ్డ పరవండి. అంతా అయ్యేదాకా టేబుల్ వదిలి వెళ్లకండి, మీకు టిఫిన్ తెచ్చేందుకు ఒక మనిషి తోడుంటే మంచిది. 50 ఏళ్లు దాటినవే కొనేవారైతే క్యూరియో అండ్ రెలిక్ లైసెన్స్ తీసుకోండి. మూడేళ్లకు 30 డాలర్లు. వచ్చినదీ పోయినదీ పుస్తకంలో రాయడం తప్పనిసరి. అది సేకరణ కోసమే, వ్యాపారానికి కాదు.

మా నాన్నగారు అనంతపురంలో కానిస్టేబుల్‌గా చేశారు. ఆయన రైఫిల్‌తో దిగిన ఫోటో ఒక్కటే మిగిలింది. అది మీకేమైనా పనికొస్తుందా?
*— ఒక పాఠకురాలు, హైదరాబాద్*

చాలా పనికొస్తుందమ్మా. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే నాడు త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పారు. రైఫిళ్లు ఇక్కడ వందల్లో దొరుకుతాయి. వాటిని మోసినవాళ్ల ముఖం మాత్రం నా టేబుల్ మీద ఒక్కటే ఉంది, మా నాన్నది.

ఫోటోను మొబైల్‌తో తీయకండి, స్టూడియోలో స్కాన్ చేయించండి. వెనక ఏమైనా రాసుంటే అది కూడా చేయించండి. తుపాకీ మూతి దగ్గర పెద్దది చేసి చూడండి. బ్యారెల్ మొద్దుగా, నోస్ క్యాప్‌తో సమానంగా ఆగిపోతే అది పాత నంబర్ వన్ నమూనా. గొట్టం వేలెడు బయటికి పొడుచుకొస్తే నంబర్ ఫోర్. మొద్దు మూతి ఉండి మ్యాగజీన్ నలుచదరంగా ఉంటే 2ఎ1. ఏ ఏడాది, ఏ స్టేషన్, ఏ బందోబస్తు, మీ అమ్మగారికి గుర్తున్నంత రాయండి. నవంబర్‌లోగా అందితే మా నాన్న ఫోటో పక్కనే పెడతాను.