విశ్వాసానికీ, దళితుల పక్షాన నిలబడటానికీ సంబంధం ఏమిటి?

"ఆదివారం గుడికెళ్ళి ప్రార్థన చేసుకుంటే సరిపోదా? దళిత క్రైస్తవుల హక్కులంటూ తిరగడం రాజకీయం కదా?" అని మీరు అడిగారు. ఒకప్పుడు మా ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ నేనూ ఇదే మాట అన్నాను. అందుకే రాస్తున్నా.

మాది గుంటూరు జిల్లా. అగ్రకులం నుంచి వచ్చిన క్యాథలిక్కులం. 18వ శతాబ్దంలోనే జెస్యూట్ గురువుల దగ్గర జ్ఞానస్నానం పొందిన వంశమని తాత గొప్పగా చెప్పేవాడు. జ్ఞానస్నానంతో పాపం పోయిందేమో గానీ కులం పోలేదు. గుడిలో ముందు వరసలు మావి, వెనకవి పల్లె వాళ్ళవి, అంటే దళితులవి. ఎవరూ బోర్డు పెట్టలేదు, పెట్టాల్సిన పనీ లేదు.

నాకు జపాలు నేర్పిన ఉపదేశి గారిది మాలపల్లె. పరలోక జపం ఆయన నోటి వెంటే నేర్చుకున్నా. సాయంత్రం మా ఇంటికొస్తే అరుగు చివర కూర్చునేవారు. ఆయన గాజు గ్లాసు వంటింటి కిటికీ బయట గూట్లో విడిగా ఉండేది. కాఫీ తాగాక ఆయనే కడిగి, బోర్లించి వెళ్ళేవారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ముప్పై ఏళ్ళొచ్చేదాకా నాకందులో తప్పేమీ కనబడలేదు.

హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక ఒక క్రిస్మస్‌కి పల్లెలో దుప్పట్లు పంచాను, ఫోటోలు కూడా దిగాను. ఉపదేశి గారబ్బాయి మాత్రం తీసుకోలేదు. "నాన్న మంచం పట్టాడన్నా. రేపేదన్నా అయితే పెట్టెని మీ దారిన తీసుకెళ్ళనిస్తారా? మీ వాళ్ళకి చెప్పగలవా?" అన్నాడు.

మా సమాధుల దొడ్డికి నడుమ గోడ ఉంది. రోడ్డు వైపు సగం మాది. అటు సగం వాళ్ళది, దానికి పొలం గట్టు మీదుగా వెళ్ళాలి. వానాకాలం పెట్టె మోసేవాళ్ళు మోకాల్లోతు బురదలో దిగబడిపోతారు.

నేనేమీ వీరుణ్ణి కాదు, మూడు నెలలు టెన్షన్ పడుతూ వాయిదా వేశాను. చివరికి గుడి పెద్దల మీటింగులో బైబిల్లోని యాకోబు లేఖ రెండో అధ్యాయం చదివాను. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటిచ్చి, పేదవాణ్ణి కింద కూర్చోమంటే అది తప్పని ఉంటుంది కదా, ఆ భాగం. చిన్నాన్న "బానే చదివావ్" అని కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. పెదనాన్న "వాళ్ళకి ఎస్సీ రిజర్వేషన్ కావాలంట, ఇప్పుడు మన సమాధులు కూడా కావాలా?" అన్నాడు.

ఆ రిజర్వేషన్ సంగతేంటో అప్పటిదాకా నాకూ సరిగ్గా తెలీదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో ఎస్సీ హోదా హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర దళిత క్రైస్తవులు బీసీ-సీ కింద వస్తారు, ఒక్క శాతం కోటా. క్రైస్తవుడివి కాబట్టి నీకు కులం లేదంటుంది ప్రభుత్వ కాగితం. గుడికెళితే వెనక వరస చూపిస్తాం మేము. ఇదేమీ బయటివాళ్ళు గిట్టక అంటున్న మాట కాదు. క్రైస్తవ సంఘంలో అంటరానితనం ఉందని 2016లో మన దేశ క్యాథలిక్ బిషప్పుల సమాఖ్యే తన విధాన పత్రంలో ఒప్పుకుంది.

ఆ వానాకాలమే ఉపదేశి గారు పోయారు. ఫాదర్ గారు ముందు నడిచారు, పెట్టెకి నేనూ ఒక భుజం పట్టాను, మా దారినే వెళ్ళాం. గేటు దగ్గర మావాళ్ళు ఇద్దరు అడ్డంగా నిలబడి, ఫాదర్ గారిని చూసి పక్కకు జరిగారు. అంతే, పెద్ద విజయమేం కాదు. పెదనాన్న ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. చెల్లికొచ్చిన ఒక సంబంధం నా వల్లే తప్పిపోయిందని అమ్మ ఇప్పటికీ అంటుంది.

మీ ప్రశ్నకి జవాబు నాకు దొరికింది అక్కడే. దుప్పట్లు పంచిన రోజు ఊళ్ళో నన్ను భక్తిపరుడన్నారు. పెట్టె మోసిన రోజు రాజకీయాలు మొదలుపెట్టాడన్నారు. రెండు రోజులూ నేను చేసుకున్న ప్రార్థన ఒకటే.

మీరూ ఏదైనా చేద్దామనుకుంటే ముందు వాళ్ళనే అడగండి. నేను ఆ పని చేయలేదు. మీటింగుకి పల్లె నుంచి ఒక్కరినీ పిలవలేదని ఉపదేశి గారబ్బాయి తర్వాత నన్ను బాగానే కడిగాడు. నవంబరు రెండో ఆదివారం చాలా సంఘాలు దళిత విమోచన ఆదివారం జరుపుతాయి. ఆ రోజు మైకు పట్టుకోకుండా వెనక వరసలో కూర్చుని వినండి, చాలు.

2022లో మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు, అంటే పోపు తర్వాతి స్థాయి. దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయన. మా ఊళ్ళో రెండు వైపుల వాళ్ళూ టపాకాయలు కాల్చారు. గోడ మాత్రం అలాగే ఉంది. ఏటా చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించే నవంబరు 2న తాత సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి, ఇంకోటి జేబులో పెట్టుకుని, ఆ గోడ చుట్టూ తిరిగి గట్టు మీదుగా ఉపదేశి గారి దగ్గరికి వెళ్తాను.