నాన్నగారి పాత వస్తువులను గంపగుత్తగా అమ్మేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు ఇష్టపడి సేకరించిన పాత గడియారాలు, పింగాణీ కప్పులు, వెండి చెంచాలు, రెండు కెమెరాలు ఇప్పుడు నా చేతికి వచ్చాయి. ఒక వ్యాపారి అన్నిటికీ కలిపి ఒకే ధర చెప్పి, వారంలోగా తేల్చమంటున్నారు. ఇచ్చేయమంటారా, విలువ పెరిగేదాకా ఉంచుకోమంటారా? ఇలాంటివే కొని అమ్మే పని మొదలుపెట్టాలని కూడా ఉంది.

జవాబు: ముందుగా ఆ వారం గడువును పట్టించుకోకండి. గంపగుత్త బేరంలో వ్యాపారి సాధారణంగా రెండు మూడు మేలైన వస్తువులను గుర్తించి, వాటి మీదే తన లాభం లెక్కగట్టుకుంటారు. మిగిలినవి కొసరు కింద వచ్చినట్టే. అమ్ముడుపోయేదాకా సొమ్ము ఇరుక్కుపోయే నష్టభయం వారిదే కనుక ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు గానీ, ఆ రెండు మూడు ఏవో మీకు తెలియకుండా అమ్మకూడదు.

చెంచాలతో మొదలుపెట్టండి. వెనక్కి తిప్పి చూస్తే 925 అన్న అంకె గానీ స్టెర్లింగ్ అన్న మాట గానీ ఉంటే, ఆ లోహంలో నూటికి 92.5 పాళ్లు వెండి ఉన్నట్టు. కొనేవారు దొరక్కపోయినా కరిగిస్తే వచ్చే విలువకు ఢోకా లేదు. ఈపీఎన్‌ఎస్ అని ఉంటే అది నికెల్ మిశ్రమం మీద వెండి పూత మాత్రమే. ఇంగ్లండులో ఎల్కింగ్టన్ సంస్థ 1840లో ఈ విద్యుత్ పూతకు పేటెంటు పొందిన తరువాత అలాంటి సామాను కుప్పలుతెప్పలుగా తయారైంది కాబట్టి, వందేళ్ల నాటిదైనా పెద్ద ధర పలకకపోవచ్చు. వెండి పిడి ఉన్న కత్తులను తూకం వేసి మురిసిపోకండి. చాలావాటికి పైన పలుచని రేకు, లోపల లక్కలాంటి పూరకం ఉంటాయి.

పింగాణీ కప్పు అంచును గోటితో మెల్లగా తట్టినప్పుడు ఖంగుమనకుండా బొంగురుగా పలికితే, కంటికి ఆనని పగులు ఉందని అనుమానించాలి. కెమెరా కటకంలో బూజు ఉందేమో వెలుతురుకు పట్టి చూడండి. దేన్నీ తోమి మెరిపించకండి, ఎందుకంటే ఇత్తడి, కంచు వస్తువులపై కాలం తెచ్చిన రంగు పోతే తెలిసినవారు ధర తగ్గిస్తారు. పిడుల్లో గానీ నగిషీల్లో గానీ ఏనుగు దంతం ఉంటే మాత్రం అమ్మకానికి పెట్టకముందే చట్టం కనుక్కోండి; ఎంత పాతదైనా చాలా దేశాల్లో దాని అమ్మకంపై నిషేధమో ఆంక్షలో ఉన్నాయి.

ధర విషయానికి వస్తే, అమ్మేవారు అడుగుతున్న ధరలను కాకుండా అలాంటి వస్తువు నిజంగా అమ్ముడైన ధరలను చూడాలి. వేలం సంస్థలు అమ్మేవారి దగ్గర కమిషన్ తీసుకోవడమే కాక కొనేవారిపై అదనపు రుసుము కూడా వేస్తాయి, కొనేవారు ఆ రుసుమును ముందే మనసులో తగ్గించుకొని పాడతారు. ఆపైన ప్యాకింగు, రవాణా, బీమా, విరిగిపోయి తిరిగొచ్చే సరుకు ఖర్చులు పోగా మీకు మిగిలేదే అసలు ధర.

ఉంచుకుంటే పెరుగుతుందన్న ఆశను నేను ప్రోత్సహించను. వీటికి వడ్డీ రాదు, అద్దె రాదు. పైగా సేకర్తల తరం మారితే అభిరుచి మారుతుంది, ఒకప్పుడు ఎగబడి కొన్న భోజనపు పింగాణీ సెట్లను ఈనాడు అడిగేవారు తగ్గారు. జ్ఞాపకంగా నచ్చినవి ఒకటి రెండు దాచుకోండి, వాటిని పెట్టుబడి లెక్కలో రాయకండి.

ఇక వ్యాపారం. పొదుపును కదపకుండా, ఈ వస్తువులు అమ్మగా వచ్చిన సొమ్మునే మూలధనంగా పెట్టుకొని, దానికి వేరే ఖాతా తెరవండి. ప్రతి వస్తువుకూ కొన్న ధర, ఖర్చు, అమ్ముడైన తేదీ రాసి ఉంచండి. వారసత్వంగా వచ్చినదాన్ని ఒకసారి అమ్ముకోవడాన్నీ, లాభం కోసం తరచూ కొని అమ్మడాన్నీ పన్ను అధికారులు సాధారణంగా వేర్వేరుగా చూస్తారు కనుక, రెండింటి లెక్కలనూ కలపకండి.

ఆ వ్యాపారిని ఒక్కో వస్తువుకు విడిగా ధర రాసివ్వమని అడగండి. ఎక్కువ ధర కట్టిన వాటిని పక్కన పెట్టి, కొనే ఉద్దేశం లేని మదింపుదారుకు రుసుము చెల్లించి చూపించండి. మిగిలినవాటిని వ్యాపారి చెప్పిన ధరకే ఇచ్చేసినా ఫరవాలేదు.