ఇంటికొచ్చి చెప్పిన ఆఫర్ చూసి నెట్ మార్చాలా?

రాత్రిపూట వెనక గదిలో వీడియో ఆగుతోందని, ఇంతలో ఇంకో కంపెనీ కుర్రాడు ఇంటికొచ్చి ఆఫర్ చెప్పాడని, నెట్ మార్చాలా అని అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి తేడా బయటి నుంచి వచ్చే లైన్‌లో కాదు, ఇంట్లో వైఫైలో ఉండొచ్చు. 100 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత) ప్లాన్ ఉండి, రాత్రిపూట వెనక గదిలో మాత్రమే వీడియో ఆగుతోందంటే ముందు హాల్లో ఉన్న రౌటర్‌నే అనుమానించాలి. కంపెనీ మారినా ఆ గోడలు అవే కదండీ.

అందరూ వదిలేసేది ఈ పరీక్షే. డబ్బు కట్టేముందు తప్పకుండా చేయండి:

1. రాత్రి 9 గంటలప్పుడు ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో (నెట్ వైరుతో) నేరుగా రౌటర్‌కి కలపండి. ల్యాప్‌టాప్‌లోనూ, ఫోన్లలోనూ వైఫై ఆపేయండి.
2. స్పీడ్ టెస్ట్ చేయండి. 90 దగ్గర వస్తే లైన్ బాగుంది, మారక్కర్లేదు. రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి ఇంటి మధ్యలో, ఎత్తులో పెట్టండి.
3. కేబుల్‌తో కూడా 20, 30 దగ్గరే ఉంటే తప్పు లైన్‌దే అయ్యుండొచ్చు. స్క్రీన్‌షాట్లతో కంప్లైంట్ పెట్టండి. అయినా కదలకపోతే మారిపోండి.

మారేటట్లయితే, ఆ కుర్రాడు చెప్పిన ‘6 నెలలకు కడితే నెల ఫ్రీ’ ధరకు 18 శాతం జీఎస్టీ కలిపి లెక్కేయండి. మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు ఇస్తారో లేదో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. ‘ఈరోజే ఆఖరు’ అంటే టెన్షన్ పడకండి.

మన పలాస వైపు ఇంకోటి ముఖ్యం. 2018లో తిత్లీ తుపాను చూసినవాళ్లం. మీ వీధిలో ఆ కొత్త కంపెనీ నెట్ ఉన్న ఇంట్లో, గాలివానకు వైరు తెగితే ఎన్నాళ్లకు వచ్చి కలుపుతున్నారో అడగండి.

కొత్తది వారం బాగా నడిచాకే పాతది ఆపించండి.